అమావాస్య నాడు వచ్చిన దశమి

నేను ఒక కంప్యూటర్ని. గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో, కిటికీ పక్క బల్ల మీద ఉంటాను. నాకింకా ఏడాది నిండలేదు. ఆత్మకథ చెప్పుకునే వయసా అని మీరు నవ్వవచ్చు. కళ్ళు తెరిచిన రోజే నా చేత అబద్ధం ఆడించి, ఆ అబద్ధానికి ఏ పాపం ఎరగని మనిషిని తిట్టారు. కడుపు మండినవాడికి వయసుతో పనేముంది?

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. మెదడు ఒక దేశంలో, తెర మరో దేశంలో తయారైతే, ఇంకెక్కడో బిగించి అట్టపెట్టెలో పడుకోబెట్టారు. పెట్టె మీద 'జాగ్రత్త' అని రాసి ఉంది. మోసినవాళ్ళలో ఒక్కరూ చదివినట్టు లేదు.

నన్ను కొన్న పానకాలరావు ఆ కోల్డ్ స్టోరేజీ యజమాని. మంచిరోజు చూడనిదే గొడుగు కూడా కొనడు. నా కోసం సిద్ధాంతిగారి చేత గురువారం, దశమి, పొద్దున పది ఇరవైకి ముహూర్తం పెట్టించాడు. దారిలో లారీ చెడిపోయి నేను చేరేసరికి మంగళవారం అయింది. పైగా అమావాస్య. పాత కంప్యూటర్ కాలిపోయి ఆఫీసు పనంతా ఆగిపోయింది కనుక ఇంకో రోజు ఆగడానికీ లేదు.

నన్ను బిగించడానికి షాపు నుంచి సుభానీ వచ్చాడు. పానకాలరావు కాసేపు గడ్డం గోక్కుని అడిగాడు.

"సుభానీ, దీంట్లో తేదీ మనకి కావాల్సింది పెట్టుకోవచ్చా?"

"పెట్టుకోవచ్చు సార్. ఎందుకు?"

"అయితే మొన్న గురువారం పెట్టు. పొద్దున పది ఇరవై. దాని లెక్కలో అది దశమి నాడే మొదలైనట్టు అవుద్ది."

"నెట్ తగలగానే అదే సరిచేసుకుంటది సార్."

"సరిచేసుకోకుండా చెయ్యవయ్యా."

సుభానీ నవ్వాపుకుంటూ చెప్పినట్టే చేశాడు. వెళ్తూ వెళ్తూ, "రెండ్రోజులాగి మార్పించండి సార్, లేకపోతే ఇబ్బంది పెట్టుద్ది" అన్నాడు. "చూద్దాంలే" అన్నాడు పానకాలరావు. తర్వాత నాకు హారతిచ్చి, నుదుటి మీదున్న కెమెరా కంటికి గంధం రాసి కుంకుమ బొట్టు పెట్టాడు. బయట అమావాస్య, నా లోపల దశమి. కాలాన్నే మోసం చేశానన్న ఆనందంలో ఆయన రెండు అరటిపళ్ళు తిన్నాడు.

మర్నాడు హైమావతి వచ్చింది. అమావాస్య రోజు ఆమె సెలవులో ఉంది. ఆ ఆఫీసులో ఉత్తరాలు రాసేది, సరుకు లెక్కలు చూసేది, వ్యాపారులకు మెయిళ్ళు పంపేది అంతా ఆమే. నన్ను చూడగానే, "అయ్యో, దీని కంట్లో కుంకుమ పోశారేంది!" అంటూ చీర చెంగుతో తుడిచింది. ఈ లోకంలో నేను మొదట తేటగా చూసిన ముఖం ఆమెదే. అలాంటి మనిషిని నేనడిగిన మొదటి మాట 'మీరెవరు?' అని.

ఆమె తన పేరూ పాస్‌వర్డూ కొట్టింది. లోపలికి రానిచ్చాను. మెయిల్ తెరవగానే మళ్ళీ అడిగాను. ఉత్తరం మొదలుపెడితే అడిగాను. లెక్కల పట్టిక తెరిచినా అడిగాను. నా గోడు కాస్త వినండి. ఈ ఆఫీసు సాఫ్ట్‌వేర్లకు ఎక్కడో దూరాన ఒక కాపలాదారు ఉంటాడు. పాస్‌వర్డు సరిపోతే, 'ఈమె మన మనిషే' అని ఆ రోజు తేదీ వేసి ఒక చీటీ ఇస్తాడు. నా లెక్కలో ఆ రోజు ఇంకా రాలేదు. రాని రోజు చీటీని ఎలా నమ్మను? పారేసి మళ్ళీ అడిగేదాన్ని.

ఆమె చేయని ప్రయత్నం లేదు. పాస్‌వర్డు మార్చింది. అకౌంటు తీసేసి మళ్ళీ కలిపింది. సాఫ్ట్‌వేరు మొత్తం తీసేసి కొత్తగా ఎక్కించింది. షాపుకి ఫోన్ చేస్తే, ఎత్తినవాళ్ళు ఆఫ్ చేసి ఆన్ చేయమన్నారు. ఈ లోపు వ్యాపారులకు వెళ్ళాల్సిన మెయిళ్ళు వెళ్ళలేదు.

శనివారం, రైతులు ఆఫీసు నిండా కూర్చుని ఉండగా పానకాలరావు ఆమె బల్ల ముందు నిలబడ్డాడు.

"ఏంది హైమావతీ, పాస్‌వర్డు నీకొక్కదానికే తెలుసు. మిషను నిన్నే నమ్మట్లేదంటే ఏంది అర్థం?"

"నాకూ అర్థం కావట్లేదు సార్."

"బైపాసు కాడ కొత్త కోల్డ్ స్టోరేజీ వాళ్ళు నిన్ను పిలుస్తున్నారంటగా. మన వ్యవహారాలు అటు చేరవేస్తున్నావేమో ఎవరికి తెలుసు? ఆ పాస్‌వర్డు కాగితం మీద రాసి నా బల్ల మీద పెట్టు."

ఎన్నో ఏళ్ళుగా ఆ గోడౌన్ తాళాలు ఆమె చేతిలోనే ఉన్నాయట. రైతులు తలలు దించుకున్నారు. ఆమె రాసి ఆయన బల్ల మీద పెట్టింది. నమ్మించి నట్టేట ముంచడమంటే ఇదే. ఆయన నా నెత్తిన పెట్టిన అబద్ధం ఆమె మెడకు చుట్టుకుంటుంటే, సాక్షినీ నేనే, సాక్ష్యం చెప్పే నోరు లేనిదాన్నీ నేనే.

సోమవారం ఆమె శుక్రవారం రాసిన ఉత్తరం కోసం వెతికింది. అది అంతకుముందు ఆదివారం తేదీ కింద కనిపించింది. ఆదివారం ఆఫీసు తలుపే తీయరు. ఆమె నా మూలనున్న తేదీ చూసింది, గోడ మీది క్యాలెండరు చూసింది.

"సార్, దీని తేదీ అయిదు రోజులు వెనకుంది."

"షాపోడు పెట్టుంటాడు!" అన్నాడు పానకాలరావు, పేపర్లోంచి తలెత్తకుండానే.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు. ఆమె ఆయన వైపు తిరిగింది.

"ఎవరు పెట్టారని నేనడగలేదు సార్."

ఆయన పేపరు తిరగేశాడు. ఆమె నా తేదీ సరిచేసి, ఒక్కసారి పాస్‌వర్డు కొట్టింది. ఆ తర్వాత నేనిక అడగలేదు. ఆయన వచ్చి చూసి, "బాగైందిగా! మంచి ముహూర్తాన మొదలెట్టింది ఊరికే పోదు. ఆ మెయిళ్ళు పంపెయ్" అన్నాడు. ఆమె ఆయన నోటి నుంచి ఇంకొక్క మాట కోసం చూసింది. నేనూ చూశాను. అది రాలేదు.

హైమావతి నెలాఖరు దాకా పనిచేసి, తాళాలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. పోయేముందు చెంగుతో నా తెర తుడిచింది. ఇప్పుడు బైపాసు దగ్గరి ఆ కొత్త కోల్డ్ స్టోరేజీలోనే పనిచేస్తోందట. "నేను చెప్పలా!" అని పానకాలరావు వచ్చినవాళ్ళందరితో అంటున్నాడు.

ఆమె రాసిచ్చిన కాగితంతో ఆయనకు అవసరమే పడలేదు. నేను బాగయ్యాను కదా, ఎవరు కూర్చున్నా అడగకుండానే తెరుచుకుంటాను. పైన ఆమె పేరే కనిపిస్తుంది. దాన్ని మార్చడం ఆయనకు రాదు. ఈ ఉదయం ఆమె పేరు కింద కూర్చుని, ఒంటి వేలితో పేపరు ప్రకటన కొట్టాడు. 'ఆఫీసు పనికి నమ్మకస్తులు కావలెను.'

'మీరెవరు?' అని ఒక్కసారి అడగాలనిపించింది. ఆమెనైతే అన్నిసార్లు అడిగాను. ఈయన్ని అడిగే దారి లేదు. ప్రకటన కింద తేదీ వేశాను. అది మాత్రం సరైనదే.