తొమ్మిదో అర్జీ

ఆ రోజు పొద్దున్న అత్తగారు టీ పెట్టింది. పదకొండేళ్ళ కాపురంలో కోడలికి ఆవిడ చేతి టీ అందడం అదే మొదలు. పైగా సాసర్‌తో సహా తెచ్చి చేతికిచ్చింది. పక్కగదిలో మొగుడు తన చొక్కా తనే ఇస్త్రీ చేసుకుంటున్నాడు. విప్పిన చొక్కా ఎక్కడ పడేశాడో కూడా తెలియని మనిషి! ఈ ఇంట్లో తిట్లకి ఆమె ఏనాడూ భయపడలేదు. తిడుతున్నారంటే ఇంకా ఏమీ తేల్చుకోలేదని అర్థం. ముద్దు చేస్తున్నారంటేనే భయం, వెనకాల ఏదో తేలిపోయిందన్నమాట.

"సాయంత్రం పెందలాడే రామ్మా," అంది అత్తగారు. "పెద్దల్లుడు వస్తానన్నాడు. రేపు సెలవు పెట్టెయ్. ఎప్పుడు చూసినా ఆ చీకటి గదిలో మగ్గిపోతావు."

ఓహో, ఈ టీ రేపటి కోసమా అనుకుంది.

రేపు పదకొండింటికి శాసనసభ కమిటీ ముందు మాట్లాడతానని ఆమె ఒప్పుకుంది. ఆమె పెద్దాసుపత్రి నేలమాళిగలో స్టోర్ కీపరు. అత్యాచారానికి గురైన ఆడవాళ్ళు వస్తే డాక్టర్లు తీసిన నమూనాలూ, వాళ్ళ ఒంటి మీది బట్టలూ అట్టపెట్టెలో పెట్టి, సీలు వేసి, ఆమె దగ్గరికి పంపుతారు. పెట్టె మీద పేరుండదు, నంబరే. కేసు పెట్టినవాళ్ళవి పోలీసులు పట్టుకెళ్తారు. భయపడి వెనక్కి తగ్గినవాళ్ళవి అరల్లోనే ఉండిపోతాయి. ఏడాదిలోగా దాచమని అర్జీ రాకపోతే చెత్త కాల్చే బట్టీలో వేసెయ్యొచ్చు. కాల్చేముందు ఆ మనిషికి ఒక్క ముక్క చెప్పాలన్న నియమం మాత్రం లేదు. చెప్పి తీరాలనీ, ఇరవై ఏళ్ళు దాచాలనీ ఇప్పుడు కొత్త చట్టం అడుగుతున్నారు. ఆ పని మీద తిరుగుతున్న లాయరమ్మ ఒకరోజు మెట్లు దిగి వచ్చి, "లోపల జరిగేది చూసినదానివి నువ్వే. వచ్చి చెప్పవా?" అని అడిగింది.

లాయరమ్మకి తెలియనిది ఒకటుంది. పై అరలో, గోడ మూలనున్న నూట నలభై మూడో నంబరు పెట్టె ఆమెదే.

తొమ్మిదేళ్ళ కిందట ఆడపడుచు పురిటికి సాయంగా వెళ్ళిన ఇంట్లో జరిగింది. చేసింది ఈ పెద్దల్లుడే. ఒక్కర్తే బస్సెక్కి ఆసుపత్రికి పోయి పరీక్ష చేయించుకుంది. కేసు దాకా వచ్చేసరికి ఇంటిల్లిపాదీ చుట్టుముట్టారు. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందే," అంది అత్తగారు. "మా అక్క కాపురం ఏం కావాలి?" అన్నాడు మొగుడు. నీకెలా ఉందని మాత్రం ఒక్కరూ అడగలేదు. ఆరు నెలలు తిరక్కుండా అదే ఆసుపత్రిలో ఉద్యోగం ఖాళీ ఉందని తెలిసి చేరిపోయింది. జీతం కోసమనుకున్నారు, అనుకోనిచ్చింది. అప్పటినుంచి ఏటా ఆ నంబరుకి ఒక అర్జీ. "పెట్టెతో సంబంధం" అన్న గడిలో "స్టోర్ కీపర్" అని రాసేది. చదివిన నాథుడు లేడు, ఎనిమిదేళ్ళూ ముద్ర పడిపోయింది. ఆ ఎనిమిదేళ్ళూ ఇంటికొచ్చిన ఆ పెద్దమనిషికి ఆమే వడ్డించింది. "నీళ్ళు నీ చేత్తోనే ఇవ్వమ్మా," అని అందరి ముందూ నవ్వేవాడు. అతన్ని ఆమె అన్నయ్యగారూ అని పిలవాలి. ఛీ!

ఆసుపత్రికి వెళ్ళేసరికి సూపరింటెండెంటు నేలమాళిగలోనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఒళ్ళో జాబితా ఉంది. గడువు దాటిన అరవై ఒక్క పెట్టెలు ఇవాళే కాల్చాలట.

"రేపు కమిటీ వాళ్ళు చూడ్డానికి రావచ్చు. గది ఖాళీగా, శుభ్రంగా ఉండాలి కదా," అన్నాడు.

ఇలాంటిదేదో వస్తుందని ఆమె ఊహించకపోలేదు. పది రోజులుగా అన్నం వేళ అన్నం మానేసి అరవై ఒక్కదానికీ అర్జీలు రాసిపెట్టింది. ఆ కట్ట తీసి ఇచ్చింది. ఆయన మొదటి నాలుగూ చూసి పక్కన పెట్టేశాడు.

"స్టోర్ కీపర్‌కి ఏం హక్కమ్మా? ఆ మనిషైనా రాయాలి, ఇంట్లోవాళ్ళైనా రాయాలి. రూలు చదువుకో."

"ఆ మనిషికి కబురే చెయ్యకపోతే ఎలా రాస్తుందండీ?"

"నన్నడిగితే నేనేం చెప్పను?" అని, గొంతు తగ్గించాడు. "ఒకే పెట్టెకి ఎనిమిదేళ్ళుగా ఒకే చేతిరాత. ఏంటా అని నిన్న మీ ఆయనకి ఫోన్ చేశాను. పాపం, బాగా కంగారుపడ్డాడు. వదిలెయ్ తల్లీ. అందరికీ ప్రశాంతంగా ఉంటుంది."

పొద్దున్న టీ సాసర్‌తో సహా ఎందుకొచ్చిందో ఆమెకి ఇప్పుడు పూర్తిగా తెలిసింది.

కాల్చడానికీ ఒక పద్ధతి ఉంది. ఆమె నంబరు చదవాలి. స్టోర్‌లో సాయం చేసే ఆయమ్మ అరలో వెతికి "ఉంది" అని గోనెసంచిలో వెయ్యాలి. చదవడం మొదలుపెట్టింది. ఉంది. ఉంది. ముప్ఫై దాటాక ఒక పెట్టె చేతిలోకి తీసుకుని ఆయమ్మ ఆగిపోయింది. "ఎంత తేలిగ్గా ఉందో! చిన్నపిల్లదేమో," అంది. సూపరింటెండెంటు వాచీ చూసుకున్నాడు. ఆ పిల్ల ఇప్పుడు ఏ ఇంట్లో ఉందో, ఎవరికి నీళ్ళందిస్తోందో! రేపో ఎల్లుండో ధైర్యం తెచ్చుకుని వస్తే ఏమని చెప్పాలి? నీ సాక్ష్యం పొగ గొట్టంలోంచి పోయిందమ్మా అనా? ఆమె కళ్ళు తుడుచుకుని తర్వాతి నంబరు చదివింది. అరవై పెట్టెలు సంచుల్లోకి వెళ్ళాయి.

ఇక ఒకటే మిగిలింది. ఆమె జాబితా మడిచేసింది.

ఆయమ్మ తనే స్టూలెక్కి నూట నలభై మూడు దించింది. "ఉంది," అంది. కానీ సంచిలో వెయ్యలేదు. గుండెకి ఆనించుకుని నిలబడింది. ఏటా ఆ పెట్టె మీద దుమ్ము ఎవరు తుడుస్తున్నారో ఆవిడకి తెలుసు.

ఆమె కట్టలోంచి ఆ పెట్టెకి రాసిన తొమ్మిదో అర్జీ బయటికి లాగి, "స్టోర్ కీపర్" అన్న మాట కొట్టేసింది. పక్కన "ఈ పెట్టె నాది" అని రాసి, సంతకం పెట్టి, ఆయన ముందుకి తోసింది.

ఆయన మొహం పాలిపోయింది. "ఇలా రాస్తే సాయంత్రానికి ఆసుపత్రంతా తెలిసిపోతుంది!"

"తెలియనివ్వండి. ఆ మనిషే రాసిందిగా. ముద్ర వెయ్యండి."

వేశాడు. వెయ్యక చస్తాడా, రూలు చెప్పింది తనేగా!

సంచులు వెళ్ళిపోయాక ఆయమ్మ మెల్లగా అడిగింది. "ఆ అరవై నంబర్లూ రాసుకున్నావా బిడ్డా?"

"రాసుకున్నాను. రేపు అన్నీ చదువుతాను."

సాయంత్రం గుమ్మంలో అడుగు పెట్టగానే మొగుడు వెనకనుంచి తలుపేసి గడియ పెట్టాడు. కుర్చీలో పెద్దల్లుడు కాళ్ళు చాపుకుని ఉన్నాడు. అత్తగారు వంటింటి గుమ్మంలో కొంగు నలుపుకుంటోంది.

"కాల్చడం అయిపోయిందా?" అన్నాడు మొగుడు.

"ముందు కూర్చోనివ్వవోయ్. అలిసిపోయి వచ్చింది," అని పెద్దల్లుడు నవ్వాడు. "కాసిని నీళ్ళివ్వమ్మా."

ఆమె చెప్పులు విప్పలేదు. సంచిలోంచి ముద్ర పడిన నకలు తీసి అతని ముందు పెట్టింది. అతను చదివాడు. నవ్వు మూతి మీదే ఎండిపోయింది.

"అసలుది లాయరమ్మ దగ్గరుంది. ఆవిడ కింద కారులో ఉంది. పది నిమిషాల్లో నా బట్టలు తీసుకుని దిగకపోతే పైకి వస్తానంది. గడియ తియ్యండి," అంది మొగుడితో.

అతను అక్కని తలుచుకున్నాడో, పరువుని తలుచుకున్నాడో, గడియ మీద చెయ్యి వేసి బొమ్మలా ఉండిపోయాడు. ఆమె అత్తగారి వైపు తిరిగింది.

"టీ చాలా బాగుంది అత్తయ్యా. రేపు కూడా మీరే పెట్టుకోండి. పదకొండింటికి నేను మీ పెద్దల్లుడి పేరు చెప్పడానికి వెళ్తున్నాను."