కదలని సీమ ఓడ

విజయవాడ వన్ టౌన్‌లో మార్కండేయులు గారి నూలు కొట్టు తెరవడానికి ఒక విధి ఉంది. ముందు గుమ్మానికి పసుపు, పిదప తక్కెడకు నమస్కారం, ఆపైన నూలు కట్టల మీద చెంబెడు నీళ్లు. తడి నూలు బరువు తూగుతుంది. నేతగాళ్లు దాన్ని నేసి తెచ్చేసరికి చీర ఆరి తేలికవుతుంది. తగ్గిన ఆ బరువుకు ఆయన పెట్టిన పేరు దొంగతనం. నిత్యం ధర్మపన్నాలు వల్లించే ఆ మహానుభావుడికి ఈ విద్య పిత్రార్జితం.

దొంగలను తీసుకుపోవడానికి ఏటా ఆషాఢంలో బందరు కాలువ వెంట సీమ ఓడ వచ్చేది. తెల్లదొరలు పోయి యాభై ఏళ్లయినా దాన్ని రద్దు చేయాలని ఏ కార్యాలయానికీ తోచలేదు. గుర్రపుడెక్కను చీల్చుకుంటూ వచ్చి గట్టున ఆగేది. లండనులో రుమాలో రొట్టెముక్కో కాజేసి, ఆస్ట్రేలియాకు ద్వీపాంతరశిక్ష పడిన బక్క తెల్లవాళ్లు అందులో సంకెళ్లతో కూర్చుని ఉండేవారు. దేశాలను కాజేసినవారికి శిలావిగ్రహాలు లేచాయి గనుక వారెవరూ అందులో లేరు.

ఆ ఏడు పెడన నేతగత్తె సుబ్బరత్నాన్ని మార్కండేయులు ఓడకు అప్పగించాడు.

"నూలు ఎక్కడ మింగావో చెప్పు, వదిలేస్తా."

"నూలు మింగి అరిగించుకునే కడుపు మాకెక్కడిదండీ? అది మీ వంశంలోనే ఉంది."

"విన్నావా ఉమామహేశూ, ఆ నోరు? అక్కడ మగ్గాలుండవమ్మా, గొర్రెలుంటాయి. కాసుకో."

ఆమె ఆయన కొడుకు వైపు తిరిగింది. "బడి నుంచి వచ్చేసరికి మా పిల్లకి ఇంట్లో ఎవరూ ఉండరు బాబూ."

ఉమామహేశ్ తన చెప్పులను పరిశీలించాడు.

ఆమె ఎక్కింది. సరంగు లంగరెత్తాడు. ఓడ కదలలేదు. ఆగిన ప్రతి రేవులో ఒక దొంగ ఎక్కితే తప్ప అది కదలదు. గట్టున బజ్జీలు వేసే శౌరమ్మ మూకుడులోంచి తలెత్తకుండానే, "ఎక్కాల్సినోళ్లు ఇంకా ఎక్కలేదు," అంది.

మార్కండేయులుకు లోకమంతా తక్కెడే. "మూల కూర్చుంది, అందుకే తూకం చెడింది," అని విసుక్కుంటూ, ఆమెను నడుమకు జరపడానికి పంచె ఎగగట్టి తానే పైకెక్కాడు.

ఆయన కాలు ఆనగానే ఓడ కదిలింది. సరంగు సుబ్బరత్నానికి గట్టు చూపించాడు. ఆమె ఒక్క గెంతున దిగి, వెనక్కి చూడకుండా పెడన బస్సుకు నడిచింది.

"నాన్నగారూ, కొట్టు తాళాలు," అన్నాడు ఉమామహేశ్.

తాళాలు వచ్చి గట్టున పడ్డాయి.

ఓడలో రుమాలు దొంగ ఒకడు కాస్త జరిగి చోటిచ్చాడు. ఏళ్ల తరబడి ఆ కాలువలో తిరిగి వాడికి తెలుగు పట్టుబడింది. "ఏం దొంగిలించావు?" అని అడిగాడు.

"నేను దొంగనేమిటి, వ్యాపారిని," అన్నాడు మార్కండేయులు.

వాడు సంకెళ్లు కూడదీసుకుని లేచి, దూరంగా వెళ్లి కూర్చున్నాడు.