బాపట్ల దాటని బండి

ముప్పై ఏళ్లు తెనాలి నుంచి రేపల్లెకు బస్సు నడిపి రిటైరైన చెంచురామయ్య, 1971లో ఒక పాత వ్యాను కొని, లోపల మంచం, కిరసనాయిలు స్టవ్వు, నీళ్ల డ్రమ్ము అమర్చాడు. భార్య కోటేశ్వరమ్మతో కన్యాకుమారి దాకా అందులోనే వెళ్లాలని, అదీ పెద్ద రోడ్డెక్కకుండా పల్లెదారుల్లోనే వెళ్లాలని అతని పట్టుదల.

మూడో రోజుకి కూడా వాళ్లు బాపట్ల దాటలేదు. మొదటి రోజు నల్లరేగడి బురదలో దిగబడ్డారు. రెండో రోజు దారి ఎవరిదో పొలంలోకి పోయి ఆగిపోయింది. ఇప్పుడు కాలవ మీద వంతెన వ్యానుకంటే జానెడు ఇరుకు. గట్టు మీద బండి తిప్పే చోటు లేదు.

"రెండు మైళ్లు రివర్సులోనే పోవాలి!" స్టీరింగు మీద గుద్దాడు చెంచురామయ్య.

"పొద్దున దారిలో కనబడ్డ రైతు, వంతెన మీద బండి పట్టదని చెప్పాడు కదండీ. వింటేగా మీరు!" అంది కోటేశ్వరమ్మ, పరుపు మీద ఒలికిన పప్పు తుడుస్తూ.

"ముప్పై ఏళ్లు ఒకే రోడ్డు మీద తిరిగానే! విసుగెత్తి ఇంకో దారి చూద్దామనుకోవడం తప్పా?"

"తిరిగింది మీరండి. నేను వంటింట్లోంచి కదల్లేదు. నాకు ఏ రోడ్డయినా కొత్తే."

అతను రివర్సు గేరు వేశాడు. ఆమె చెంగు దోపుకుని దిగి, బండి వెనక నడుస్తూ, "ఎడమకి... ఇంకొంచెం... ఆగండాగండి!" అని అరుస్తూ దారి చూపించింది.

సాయంత్రానికి, వద్దనుకున్న పెద్ద రోడ్డే, చీరాల రోడ్డే ఎక్కారు. చెంచురామయ్య మొహం ఇంకా మాడిపోయే ఉంది. కోటేశ్వరమ్మ మాత్రం ముందు సీట్లో కూర్చుని, వచ్చిన ప్రతి మైలురాయినీ పైకి చదువుతోంది.