క్యారియర్ ఎటు వంగింది

నేను సైకిలు తొక్కుతున్నాను. ముందర రత్నం పోతోంది. మా ఇద్దరి మధ్య యాభై గజాల దూరం ఉంది, ఎంత తొక్కినా అది యాభై గజాలే, నేను ఆపితే తనూ ఆగుతుందేమోనని కాళ్లు ఆపి చూస్తాను, తను ఆగదు, అయినా దూరం పెరగదు. కుడిపక్క లోయలో తాటిపూడి రిజర్వాయరు నీళ్లు పరుచుకుని ఉన్నాయి, ఎడమపక్క కొండ, కొండ వాలులో జీడిమామిడి తోటలు, పొగమంచు చెట్ల మొదళ్ల దాకా దిగి అక్కడే ఆగిపోయింది. రోడ్డు ఎవరో ఇప్పుడే కడిగి వెళ్లినట్టు నల్లగా తడిగా ఉంది. నా ఎడమకాలు కుడికాలికంటే పొట్టి. చిన్నప్పుడు జ్వరం తగిలి సన్నబడిపోయింది. పెడలు కిందికి పోతే ఆ కాలు దాన్ని అందుకోలేదు, అందుకే పుట్టి బుద్ధెరిగాక నేను సైకిలెక్కలేదు. ఇప్పుడు అందుతోంది. అందులో వింతేమీ నాకు కనిపించడం లేదు.

వింతల్లా రత్నం వెనక్కి తిరిగి చూడకపోవడం. చచ్చిపోయి మూడేళ్లయిన మనిషి, మొగుడు వెనకాల వస్తుంటే ఆగాలా వద్దా.

"ఒసే రత్నం, నెమ్మదిగా ఎల్లు."

"నెమ్మదిగానే ఎల్తన్నాను మావా," అంటుంది తల తిప్పకుండానే. "నువ్వే తొక్కట్నేదు."

తనెక్కింది మా షాపులో అద్దెకిచ్చే నాలుగో నంబరు సైకిలు. చైను చప్పుడును బట్టి పోల్చుకున్నాను. ఘాటు రోడ్డు ఎనిమిదో మలుపులో ముప్పై ఏళ్లుగా నాది సైకిలు షాపు. చక్రం తిప్పి వింటే ఆ సైకిలు ఎక్కడ తిరిగిందో, ఎవడు ఎంత బరువు వేశాడో నాకు తెలిసిపోతుంది. తెలియనిదల్లా ఎక్కితే ఎలా ఉంటుందనేదే. బాగుచేసిన సైకిలును ఎవరో ఒకరు ఎక్కి చూడాలి కదా, ఆ పని రత్నానిది. "మైలురాయి దాకా ఎల్లి వచ్చీ," అనేవాణ్ణి. కుచ్చెళ్లు దోపుకుని వెళ్లేది, మైలురాయి దగ్గర తిరిగేది, వచ్చి "ఎనక బ్రేకు కొద్దిగా పట్టేస్తంది" అని చెప్పేది. ఇరవై రెండేళ్లు అంతే. మైలురాయి మా గడప మీంచి కనిపిస్తుంది. అక్కడి దాకా తను నా కళ్లముందే ఉండేది.

ఇప్పుడు ఆ మైలురాయి వస్తోంది. రత్నం తిరగదు. దాటేస్తుంది. నేనూ దాటుతాను, దాటగానే మళ్లీ అదే మైలురాయి ఎదురొస్తుంది, దాని మీద భీమిలి నలభై అని ఉంది, మరో మలుపు తిరిగితే ముప్పై, ఇంకో మలుపులో అంకె చెరిగిపోయి ఎవరో పసుపు రాసిన మరక. గోస్తని ఏరు రోడ్డు కిందనుంచి దూరి అటుపక్కకు పోతుంది, కాసేపటికి మళ్లీ ఇటుపక్కకు వస్తుంది, ఏరే రోడ్డు వెంట నడుస్తోందో రోడ్డే ఏరు వెంట నడుస్తోందో తెలియదు.

వెనకనుంచి పట్నం సైకిళ్లవాళ్లు వస్తారు. ఆదివారాలు విశాఖపట్నం నుంచి కొండలు చూడ్డానికి వచ్చే బాపతు. నెత్తిన టోపీలు, ఒంటికి అతుక్కుపోయిన బట్టలు, వేలెడు మందం లేని టైర్లు. నా షాపు ముందు గాలి కొట్టించుకుంటూ "అంకుల్, పైన వ్యూ ఎలా ఉంటుంది?" అని అడుగుతారు. కుంటివాణ్ణి అడగవలసిన మాటేనా అది. నాకు ఇటొకడు అటొకడు రాసుకుంటూ పోతారు, నన్ను ఎవడూ చూడడు, కానీ రత్నాన్ని దాటేటప్పుడు ప్రతివాడూ గంట కొడతాడు.

"నమస్తే రత్నంగారూ. ఇవాళ కూడా సముద్రం దాకానా?"

"దాకానే," అంటుంది రత్నం.

ఇవాళ కూడానట.

తెల్లటి కరెంటు స్తంభం ఒకటి ఏరు నడుమ నిలబడి ఉంది. దాని మీద లైన్‌మన్ బంగారయ్య కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. రత్నం బతికున్నరోజుల్లో తనను చూస్తే ఏదో ఒక పరాచికం ఆడకుండా పోయేవాడు కాదు.

"సూరప్పన్నా, ఒదిన ముందరెలిపోనాది. నువ్వు ఈ జన్మకి అందుకోలేవు," అంటాడు.

"నీకు తెలవకుండా ఎక్కడికెల్తాదిలే," అంటాను.

వాడు నవ్వుతాడు. తిరిగి చూస్తే స్తంభం ఉంది, వాడు లేడు.

కల్వర్టు గోడ మీద రత్నం కూర్చుని ఉంది. యాభై గజాలు ఎప్పుడు తరిగిపోయాయో తెలియదు. ఆస్పత్రిలో చూసిన పచ్చటి మొహం కాదు, ఎండకు కమిలిన ఎర్రటి మొహం, ముక్కు మీద చెమట. నేను వెళ్లి పక్కన కూర్చోను, ఎదురుగా నిలబడతాను.

"అడుగు," అంటుంది.

"ఏటడగాల?"

"ఆస్పత్రిలో పదకొండు రోజులు నా మంచం కాడ కూకుని అడక్కుండా దిగమింగినావు గదా. అంతకు ముందు నాలుగు నెల్లూ అంతే. అదే అడుగు."

సరే. అడుగుతాను. ఇందులో నేను సిగ్గుపడవలసింది ఏమీ లేదు. ఆ యేడు దసరాకి పూజ చేద్దామని సైకిళ్లన్నీ బోర్లించి కడుగుతున్నాను. నాలుగో నంబరు చైన్‌కవర్లో గుప్పెడు ఇసుక రాలింది. ఏటి ఇసుక కాదు, నాలిక మీద వేసుకుని చూశాను, ఉప్పు. వెనక క్యారియర్ ఒంగి ఉంది, దాని ఊచలు వదులైపోయి ఉన్నాయి. ఆ సైకిలు నెలరోజులుగా ఎవడికీ అద్దెకివ్వలేదు. నెలకో మంగళవారం షాపు మూసి, సామాన్ల కోసం తొలి బస్సుకు నేను విశాఖపట్నం పోయి ఆఖరి బస్సుకు వస్తాను. ఆ మంగళవారాల్లో ఎవడో నా సైకిలెక్కి, నా పెళ్లాన్ని వెనక క్యారియర్ మీద కూచోబెట్టుకుని సముద్రానికి తీసుకుపోయాడు. అంత బరువు మోస్తే తప్ప ఆ ఊచ ఒంగదు. సైకిలు నాతో ఎన్నడూ అబద్ధం చెప్పలేదు. ఆ రోజు సైకిలుకు బొట్టు పెట్టాను, హారతిచ్చాను, రత్నంతో మాట్లాడ్డం మానేశాను. సంక్రాంతి వెళ్లాక తనకు కామెర్లు ముదిరాయి. మాఘమాసంలో పోయింది.

"ఎవడే ఆడు?"

"ఎవడు?"

"నిన్ను ఎనకాల కూకోబెట్టుకుని తీసుకెల్నోడు. బంగారయ్యేనా?"

రత్నం నవ్వుతుంది, నోటికి చెంగు అడ్డం పెట్టుకోకుండా నవ్వుతుంది. "బంగారయ్యా? ఆడికి స్తంభం మీద ఉన్న నిలకడ సైకిలు మీద నేదు. మొన్న కోట ఊరి దిగువన మేకపిల్లని తప్పించబోయి మేకల కాపరి మీద పడ్డాడు. ఆణ్ణి నమ్ముకుని ఘాటు దిగుతానా నాను?"

"మరెవడు?"

"మావా, కేరియరు ఎటొంగింది?"

"కిందికి."

"సరిగ్గా సెప్పు. ముప్పై ఏల్ల మేస్త్రివి."

సైకిలు మా ఇద్దరి మధ్య బోర్లించి ఉంది. ఎవరు బోర్లించారో చూడలేదు. దసరానాటి పసుపునీళ్లు ఇంకా ఊచల మీంచి కారుతున్నాయి. నేను వంగి చూస్తాను. మనిషి కూర్చుంటే క్యారియర్ మడ్‌గార్డు మీదికి కుంగుతుంది, ఊచలు పక్కలకు బాణాల్లా బయటికి వస్తాయి. నేర్చుకునే కుర్రాడికి మొదటిరోజు నేను చెప్పే పాఠమే అది. ఇది కుంగలేదు. వెనక్కి సాగింది. మడ్‌గార్డు తోకకు మాత్రం గీతలు పడి ఉన్నాయి. వెనకనుంచి ఏదో లాగింది, చాలా సేపు, చాలాసార్లు.

ఘాటు దిగే కట్టెలవాళ్ల సైకిళ్లు ఎన్నింటికి ఇలా సాగిన క్యారియర్లు సరిచేశానో నాకే లెక్క లేదు. బరువుతో వాలు దిగితే బ్రేకు రబ్బర్లు నిలవవని వాళ్లు ఆకులతో ఉన్న పెద్ద కొమ్మను నరికి క్యారియర్‌కు కట్టి నేల మీద ఈడ్చుకుంటూ దిగుతారు. ఆ ఈడుపే వాళ్లకు బ్రేకు.

"కొమ్మ," అంటాను.

"జీడికొమ్మ."

"నువ్వేటి మోసినావు? కట్టెలు నేవు గదా. ఒంటి మనిషికి కొమ్మెందుకు?"

"బుధారం పొద్దున్న నువ్వు లెగిసీలెగవగానే అన్ని సైకిల్ల బ్రేకు రబ్బర్లూ సూస్తావు గదా. ఎనిమిది మలుపులు బ్రేకు మీద దిగితే అవి అరిగిపోవా? దొరికిపోదును. అందుకని బ్రేకే ముట్టుకోనేదు. కింద కోట కాడ కొమ్మ ఇప్పేసి ఎల్లిపోయేదాన్ని. వొచ్చినప్పుడు మాత్రం సైకిలు బస్సు మీదికెక్కించీడమే."

నా కంట పడకూడదని నా బ్రేకు రబ్బర్లు కాపాడింది. నేనేమో రబ్బర్లు బాగున్నాయని తృప్తి పడి, క్యారియర్ ఎటు వంగిందో చూడలేదు. చూసేలోపలే నా తలలో మగాడొకడు సీటెక్కి కూర్చున్నాడు.

"ఎన్నిమాట్లు?"

"తొమ్మిది."

"ఎవరితోటీ కాదా?"

"ఎవరితోటీ కాదు."

నాకు నెమ్మది కలగాలి. కలగదు. మగాడుంటే వాడి కాలరు పట్టుకునేవాణ్ణి, వాడి ఇంటిముందు నిలబడి నాలుగు మాటలనేవాణ్ణి. మూడేళ్లుగా బంగారయ్య సైకిలుకు గాలి కొట్టకుండా పంపించేస్తున్నాను, అది కూడా ఒక సుఖమే. ఇప్పుడు ఎవణ్ణని పట్టుకోను. రోడ్డుకి కాలరు ఉంటుందా.

"ఏటుందే అక్కడ, తొమ్మిదిమాట్లు ఎల్లడానికి?"

రత్నం కల్వర్టు మీద కాళ్లు ఊపుతుంది. మాట్లాడుతుంటే రోడ్డు తన వెనకాల మారిపోతూ ఉంటుంది, కొండ దిగి వరిచేలవుతుంది, వరిచేలు తాటిచెట్లవుతాయి, తాటిచెట్ల వెనక ఎర్రమట్టి దిబ్బలు లేస్తాయి.

"ఘాటు దిగినాక వరి కల్లాలు దాటి, ఏరు కాడ సల్లగుంటాది మావా, రెండు బారలే, ఆనక మల్లీ ఎండ. అలాగ ఐదుమాట్లు ఏరు దాటుతావు. సముద్రం ముందర కనపడదు. ముందర గాలి మారతాది. సెమట ఆరిపోతాది. ఆనక రోడ్డొక ఎత్తెక్కుతాది, ఇంక తొక్కలేను దిగిపోదాం అనుకుంటావు, అప్పుడు ఎదర నిలబడి ఉంటాది, గోడలాగ. నీలం గోడ."

ఆ మాట అన్నప్పుడు తన మొహం చూస్తాను. ఆ మొహం నాకు తెలియదు. ఇరవై రెండేళ్లలో నా వైపు ఒక్కసారి కూడా ఆ మొహం తిరగలేదు. మడ్డినూనె చేతులతో నేను వంగి స్పోకులు బిగిస్తుంటే ఈ మొహం ఎక్కడో దాచి ఉంచింది.

"నన్నెందుకు పిలవనేదు?"

"ఆడదాని ఎనకాల కేరియరు మీద కూకుంటావా నువ్వు?"

"కూకునేవోణ్ణేమో."

"కూకోవు."

కూర్చునేవాణ్ణి కాదు. అది నాకూ తెలుసు. కానీ తను అంతటితో ఆగదు.

"కూకుంటానన్నా పిలవకపోదును," అంటుంది. గొంతులో కోపం లేదు, అదే నాకు మండుతుంది. "ఇరవై రెండేల్లు నువ్వు సూపించిన రాయి కాడ తిరిగొచ్చినాను. దాని ఎదర ఉన్నదంతా నాదొక్కదాన్దే అనుకున్నాను. నీకూ ఇయ్యబుద్ది కానేదు."

"మొగుడికి కూడానా?"

"మొగుడికే." బోర్లించిన చక్రాన్ని ఒకసారి తిప్పి, "ఆస్పత్రిలో సెప్పేద్దామనుకున్నాను. సచ్చిపోతన్నాను గదా, ఇంక దాసుకుని ఏం సేసుకుంటానని. నువ్వు నీల్లిచ్చినావు, మందులిచ్చినావు, మొహం మాత్రం ఇయ్యనేదు."

"తప్పు నాదే అంటావా?"

"దాసుకోడం నాది. మాటాడకపోడం నీది."

నేను క్షమించమని అడగను. తనూ అడగదు. మేమిద్దరం అలాంటివాళ్లం కాదు. రత్నం లేచి సైకిలు తిప్పి నిలబెట్టి, కుచ్చెళ్లు దోపుకుంటుంది.

"ఎల్తాను మావా."

ఎక్కడికని అడగబోయిన నోట్లోంచి, నా ప్రమేయం లేకుండా, పాత మాటే వస్తుంది: "మైలురాయి దాకా ఎల్లి వచ్చీ."

రత్నం పెడలు మీద కాలు వేసి, ఒక్క ఊపున ఎక్కి, వాలు మీదికి వదిలేస్తుంది. వెనక ఆకుల కొమ్మ సరసరమని ఈడ్చుకుంటూ పోతోంది, తెల్లటి ఎండలో దుమ్ము లేస్తోంది. నేను నా సైకిలెక్కి తొక్కబోతాను. కుడికాలు ఒకసారి తొక్కుతుంది. ఎడమకాలికి పెడలు అందదు. కిందికి చాపుతాను, ఇంకా కిందికి చాపుతాను, గాలి తప్ప ఏమీ తగలదు.

మెలకువ వచ్చింది. షాపులో బల్ల మీద పడుకుని ఉన్నాను, మధ్యాహ్నం మూడు దాటి ఉంటుంది, పంచర్లు అతికే సొల్యూషన్ వాసనకు తల దిమ్మెక్కింది. లేచి వీధి గడపలోకి వచ్చాను. రోడ్డు మీద ఎవరూ లేరు. ఎండకు మెత్తబడ్డ తారు మీద, పై మలుపు నుంచి కింది మలుపు దాకా, ఈడ్చిన కొమ్మ చార ఒకటి అప్పుడే పడి ఉంది, అక్కడక్కడ నలిగిన పచ్చి ఆకులతో. ఎవరో దిగి వెళ్లారు. ఆడో మగో తెలియదు. రోడ్డు మధ్యకు నడిచి వెళ్లి చెప్పుతో దాన్ని చెరపడం మొదలుపెట్టాను. షాపు ముందున్న మేర చెరిపాను. మిగిలినది మలుపు తిరిగి కిందికి పోయింది.