తప్పు నంబరుతో మంచుబండి ఎక్కాను

నేను ఒక కళ్ళజోడును. నంబరు మైనస్ ఒకటిన్నర, రెండు కళ్ళకీ. పేరు చెప్పకుండా నంబరు చెబుతున్నానేమిటని అనుకోకండి. మా జాతిలో నంబరే కులం, గోత్రం, జాతకం. నా జాతకాన్ని మాత్రం నేను పుట్టకముందే ఒక పెద్దమనిషి ఆడిన అబద్ధం మీద రాశారు.

తునిలో బస్టాండు దగ్గర వరహాలుగారి కళ్ళజోళ్ళ కొట్టు ఉంది. కంప్యూటరు మిషన్లంటే ఆయనకు నమ్మకం లేదు. గోడకు అక్షరాల బోర్డు, ముక్కు మీద పెట్టే బరువైన ఇనప చట్రం, పెట్టె నిండా అద్దాలు, అంతే ఆయన సరంజామా. కొట్టు మరీ ఇరుకు కావడంతో వచ్చినవాళ్ళు కూర్చునే బల్లను సరిగ్గా ఆ బోర్డు కిందే వేయించారు. నా కొంప ముంచింది ఆ బల్లే. అప్పటికి నేను అద్దాలు లేని ఉత్త ఫ్రేమునై, గాజు బీరువాలో ఎవరి ముక్కు రాసిపెట్టి ఉందో అని ఎదురుచూస్తున్నాను.

ఒక ఉదయం ఆ బల్ల మీద నూకరాజు వచ్చి కూర్చున్నాడు. అరవై ఒకటో ఏడు. ముప్ఫై ఏళ్ళు లారీ తోలి, తుని మామిడికాయలను కలకత్తా దాకా చేరవేసిన మనిషి. మూడేళ్ళ క్రితం లారీ దిగిపోయాడు. నడుం నొప్పి అని ఊరందరికీ చెప్పాడు. అసలు సంగతి వేరు. ఒక సాయంత్రం రోడ్డు మీద నీడ అనుకున్నది దగ్గరికెళ్ళేసరికి గేదె అయి కూర్చుంది. బ్రేకు సమయానికి పడింది, గేదె తోక ఊపుకుంటూ తన దారిన తాను పోయింది. నూకరాజు మర్నాడే తాళాలు ఓనరు చేతిలో పెట్టేశాడు. అంత మంచి పని చేసినవాడికి, కళ్ళు కనపడడం లేదన్న ఒక్క ముక్క చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. కళ్ళజోడు పెట్టుకున్న డ్రైవరు సగం డ్రైవరని ఆయన గట్టి నమ్మకం.

ఆయన్ని కొట్టుకు లాక్కొచ్చింది భార్య నాగరత్నం. అంతకు ముందురోజు ఆయన ఎదురింటి పంతులుగారిని పాలవాడనుకుని గిన్నె చాపాడట. "ఇంక లాభం లేదండీ, పదండి," అంది. ఆవిడ కళ్ళ సంగతి ఎవరూ అడగలేదు. అడగాలని ఆవిడకీ తోచలేదు.

బల్ల మీద కూర్చున్న నూకరాజు మెడ తిప్పి, తలకు జానెడు దూరంలో ఉన్న బోర్డును చూశాడు. కాసేపటికి ఆయన పెదాలు కదలడం మొదలుపెట్టాయి. నాగరత్నం అది జపమనుకుని కదిలించలేదు. వంతు వచ్చాక ఎదురు కుర్చీలో కూర్చుని, పై వరస నుంచి కింది వరస దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేశాడు. ఊపు ఆపుకోలేక బోర్డు అడుగున చీమ తలకాయంత ఉన్న అచ్చాఫీసు పేరు కూడా చదివేశాడు. వరహాలుగారు కళ్ళు తుడుచుకున్నారు. చివరి వరసలో ఒక్క 'ఠ' మాత్రం మరిచిపోయి దాటేశాడు. "ఆ, కొద్దిగా ఉందిలెండి," అని వరహాలుగారు ఒకటిన్నర వేశారు. ఆ మనిషికి కావలసింది నాలుగు. ఆ 'ఠ' కూడా గుర్తుండి ఉంటే నేను అసలు పుట్టేదాన్నే కాదు.

అలా నేను ఆయన ముక్కెక్కాను. ఎక్కిన రోజు నుంచీ తిట్లే. ఎదురుగా వచ్చేవాడెవడో తెలియకపోయినా, బస్సు బోర్డు కనపడకపోయినా, "దరిద్రపు అద్దాలు!" అనేవాడు. నాకు నోరుంటే అక్కడికక్కడే కడిగేసేదాన్ని. నాగరత్నం మాత్రం నన్ను పైటచెంగుతో రోజూ శుభ్రంగా తుడిచి, ఎక్కడా పడిపోకుండా నల్లతాడు కట్టి ఆయన మెడలో వేసింది. ఆ ఇంట్లో నా మొహం చూసి మర్యాద చేసింది ఆవిడ ఒక్కతే.

ఆ చలికాలంలో మా వీధివాళ్ళు నలభైమంది కలిసి కాశ్మీరు యాత్ర పెట్టుకున్నారు. వెంట వంటమనిషి, బియ్యం, ఆవకాయ జాడీ, ఒక బుట్టెడు నిమ్మకాయలు. మేమూ బయల్దేరాం. దారిలో ఏ కొండ చూపించినా, ఏ లోయ చూపించినా నాగరత్నం "బావుందండీ" అనేది. అన్నిటికీ ఒకే గొంతు, ఒకే మాట. పాపం ఎంత మంచి మనిషో అనుకున్నాను. కళ్ళజోడునై ఉండి నేనే అలా అనుకోవడం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే నవ్వొస్తుంది.

గుల్మార్గ్‌లో మంచుబండ్లు ఉన్నాయి. స్కూటరులాంటి హ్యాండిలు, ముందు చక్రాల బదులు రెండు పొడుగాటి పట్టీలు, వెనక రబ్బరు బెల్టు, అన్నిటికీ మించి చెవులు పగిలే చప్పుడు. అవి చూడగానే నాగరత్నం ఆగిపోయింది.

"ఏవండీ, లారీ ఒక్కసారైనా ఎక్కించమని ముప్పయ్యేళ్ళు అడిగాను. ఆడాళ్ళెక్కే బండి కాదన్నారు. ఇదైనా మీరు తోలండి. నేను ఎనకమాల కూచుంటాను."

నూకరాజు నన్ను ముక్కు మీద పైకి తోసుకున్నాడు. ఆయన గుండె నాకు తాడు చివర వినపడుతూనే ఉంది. కాదంటే ఎందుకో చెప్పాలి. చెప్పడం కన్నా తోలడం తేలికనుకున్నాడు. మగవాళ్ళ లెక్కలు ఇలాగే ఉంటాయి.

ఆ బండ్ల మనిషి పేరు అల్తాఫ్. నలభై ఏళ్ళుంటాయి. నన్ను చూడగానే మొహం అదోలా పెట్టాడు. మంచులో కళ్ళజోడు పెట్టుకుని వచ్చేవాళ్ళ గతి ఏమవుతుందో అతనికి బాగా తెలుసు. పెద్ద గాగుల్స్ ఒకటి తెచ్చి, ఇది కళ్ళజోడు పైనుంచి పెట్టుకోమన్నాడు. మంకీ టోపీని ముక్కు కిందికి లాగి, "చాచా, నాక్ బాహర్ రఖో," అన్నాడు. ముక్కు బయట పెడితే ఊపిరి అద్దాల మీదికి రాదని అతని బాధ. నూకరాజు తన లారీ హిందీ బయటికి తీశాడు.

"ముఝే సబ్ మాలూం. తీస్ సాల్ డ్రైవర్!"

ముప్ఫై ఏళ్ళ డ్రైవరుకు తెలియనిదేముందని గాగుల్స్ వెనక్కి ఇచ్చేసి, టోపీని మళ్ళీ కళ్ళ కిందిదాకా లాక్కున్నాడు. యాత్రలో వాళ్ళు కూడా ఊరుకోలేదు. ఒకాయన అద్దాలకు సబ్బు రాయమన్నాడు, ఒకావిడ టూత్‌పేస్టు అంది. వంటమనిషి ఆముదం అనబోయి నా అదృష్టం బాగుండి ఆగిపోయాడు. అయితే వాడు ఊరికే ఉండక బుట్టలోంచి రెండు నిమ్మకాయలు తెచ్చి బండి పట్టీల కింద పెట్టాడు. కొత్త బండి కదా మరి. నూకరాజు హ్యాండిలుకు దణ్ణం పెట్టి, గేరు కోసం కాసేపు వెతికి, లేదని తెలిసి బొటనవేలితో మీట నొక్కాడు. నిమ్మకాయలు చితకలేదు. బుడుక్కున మంచులోకి దిగిపోయాయి. అది మంచి శకునమో కాదో అడగడానికి పంతులుగారు హోటల్లో రగ్గు కప్పుకుని ఉన్నారు.

అల్తాఫ్ తన బండి మీద ముందు, మేము వెనక. దారికి ఎడమ పక్కన వెదురు కర్రలకు ఎర్ర జెండాలు కట్టి ఉన్నాయి. అవి దాటితే నేల ఏటవాలుగా వాగులోకి దిగిపోతుంది. జెండాలకు కుడిపక్కనే ఉండమని అతను మూడుసార్లు చెప్పాడు. నూకరాజు మూడుసార్లూ తల ఊపాడు.

మొదటి రెండు నిమిషాలు పెళ్ళివారిలా సాగాం. తరవాత చిన్న ఎత్తు వచ్చింది. నూకరాజు ఊపిరి బిగబట్టి, ఒక్కసారిగా వదిలాడు. టోపీలోంచి ఆ వెచ్చటి ఊపిరంతా పైకి తన్ని నా మీద పడింది. ఉదయం తిన్న ఆవకాయ సంగతి నాకు అప్పుడు తెలిసింది. నేను తెల్లబోయాను. ఆయన గ్లౌజుతో తుడిచాడు. తడి అద్దమంతా పాకి అక్కడికక్కడే గడ్డకట్టింది. మళ్ళీ తుడిచాడు. ఈసారి నేను గుళ్ళో గచ్చు రాయిలా అయిపోయాను. "దరిద్రపు అద్దాలు!" అని నన్ను కిందికి లాగేశాడు. తాడు మీద వేలాడుతూ ఆయన ఛాతీ మీద పడ్డాను.

అప్పుడే మంచు కురవడం మొదలైంది. అల్తాఫ్ దేవదారు చెట్ల మలుపు తిరిగి కనుమరుగయ్యాడు. నేల తెలుపు, ఆకాశం తెలుపు, మధ్యలో ఉన్నదంతా తెలుపు. బండి మెల్లగా ఎడమవైపుకు ఒరుగుతోంది. జెండా ఒకటి మాకు కుడిపక్కగా దాటిపోయింది. కుడిపక్కగా! కళ్ళజోడుకు కాళ్ళు చల్లబడడమంటే ఏమిటో ఆ క్షణంలో తెలిసింది. ఆ మనిషి చస్తే నాకేమిటని అనుకోలేకపోయాను. ఎన్ని తిట్టినా నా ముక్కు అది. వెనకాల నన్ను రోజూ తుడిచే చేతులున్నాయి.

ముందు పట్టీ ఖాళీలోకి వాలినట్టు అనిపించి నూకరాజు బ్రేకు బిగించాడు. బండి ఆగింది. ఇంజను ఆపేశాడు. అంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ వినలేదు.

"ఏటండీ, ఆపేశారు?"

"రత్నం, నాకు కనపట్టం లేదే."

"మంచు పడతంది కదండీ."

"మంచు కాదు. అసలుకే కనపడదు. మూడేళ్ళయింది. నడుంనొప్పీ లేదు, ఏం లేదు. వరహాలుగారి బోర్డు బట్టీకొట్టి ఒప్పజెప్పేశాను." "నిన్ను ఎక్కించుకోకుండా ఉండాల్సింది."

నాగరత్నం తిడుతుందేమో, ఏడుస్తుందేమో అని చూశాను. ఆయన వీపుకు ఆనిన ఆవిడ భుజాలు కదిలాయి. నవ్వుతోంది.

"పెదాలు ఆడిత్తంటే హనుమాన్ చాలీసా అనుకున్నానండీ! ఆ తెలివేదో సదూకునే రోజుల్లో సూపించి ఉంటే కలెక్టరయ్యేవోరు!"

"నవ్వకే. ఆ అల్తాఫొచ్చేదాకా ఇక్కడే కూచుందాం."

"ఆడొచ్చి మిమ్మల్ని ఎనక్కూచోబెట్టి తీసుకెళ్తే మన బస్సులోవోళ్ళు తుని దాకా చెప్పుకుంటారు. నేను క్లీనర్నవుతాను, తోలండి. రెండు చరిస్తే పోనీ, ఒకటి చరిస్తే ఆపు. అంతే కదా?"

ముప్ఫై ఏళ్ళు ఇంటి ముందు క్లీనర్లు లారీ వెనక చెక్క మీద చరుస్తుంటే విని విని ఆవిడకు ఆ విద్య అబ్బేసింది. నూకరాజు ఇంజను వేశాడు. వీపు మీద ఒక్కటి పడింది, ఆగాడు. బండి దిగి ఇద్దరూ కలిసి దాన్ని వెనక్కి లాగారు. మళ్ళీ ఎక్కారు. రెండు పడ్డాయి, కదిలాడు. కుడి భుజం మీద పడితే కుడికి, ఎడమ భుజం మీద పడితే ఎడమకు. పెళ్ళయిన ముప్ఫై అయిదేళ్ళలో ఆవిడ ఆయన మీద చెయ్యి వేసి కొట్టడం అదే మొదలని నాకు గట్టి అనుమానం. కొన్ని దెబ్బలు దారికి అవసరమైనదాని కన్నా గట్టిగానే పడ్డాయి. "రానీ, రానీ, రానీ!" అని దానికితోడు కేకలు. నా కన్నా ఎక్కువగా ఆయన దడదడలాడాడు.

వెతుక్కుంటూ వెనక్కి వస్తున్న అల్తాఫ్ దారిలో ఎదురై, నోరు తెరుచుకుని పక్కకు తప్పుకున్నాడు. మేము వచ్చి ఆగగానే అందరూ చప్పట్లు కొట్టారు. నూకరాజు టోపీ తీసి, "మంచులో తోలడం పెద్ద పనేం కాదు," అన్నాడు. నాగరత్నం "బావుందండీ" అంది.

తుని చేరిన మూడో రోజున వరహాలుగారి కొట్టుకు వెళ్ళాం. నూకరాజు బల్ల మీద కూర్చోలేదు. నిలబడే జరిగిందంతా చెప్పేసి, "కొత్త బోర్డేదైనా ఉంటే పెట్టండి," అన్నాడు. వరహాలుగారు పాత క్యాలెండరు తెచ్చి తగిలించారు. ఈసారి నిజం నాలుగని తేలింది. కొత్త అద్దాలు రావడానికి నాలుగు రోజులు పడుతుందన్నారు. నన్ను మెడలోంచి తీసి, విరిగిన కాడలూ గీతలు పడ్డ అద్దాలూ ఉన్న రేకుడబ్బా పక్కన పెట్టారు. నా పని అయిపోయిందనుకున్నాను. ఒక్క రోజు కూడా ఎవరికీ సరిగ్గా చూపించకుండానే పోతున్నానని ఏడుపొచ్చింది.

నాగరత్నం నన్ను చేతిలోకి తీసుకుంది. అలవాటుగా చెంగుతో తుడిచింది. ఊరికే తన ముక్కు మీద పెట్టుకుంది.

గోడమీది అక్షరాల బోర్డు వైపు తిరిగింది. మెల్లగా, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ పై వరస నుంచి కింది వరస దాకా చదివింది. 'ఠ' కూడా చదివింది. వీధిలోకి చూసింది. "అదేటండీ, ఆ వేపచెట్టుకి ఆకులు ఇడివిడిగా ఉన్నాయి!" అంది.

వరహాలుగారు చేతిలో చట్రం కింద పెట్టేశారు. నూకరాజుకు కొంచెం ఆలస్యంగా వెలిగింది.

"రత్నం, మరి ఆ రోజు ఆ జెండాలూ..."

"ఎర్రగా ఏదో మెదిలిందనుకోండి, అటు వద్దని చరిచేదాన్ని. ఇంత బాగా ఎక్కడ కనపడ్డాయండీ?"

నూకరాజు బల్ల మీద కూలబడ్డాడు. నాగరత్నం మొగుడి మొహంలోకి వంగి, తనివితీరా చూసింది. "అయ్య బాబోయ్, ఇంత ముసలోరయిపోయారా మీరు!" అంది. ఆ మాటలో అంత ప్రేమ ఉండగలదని నాకు తెలియదు.

వరహాలుగారు నన్ను డబ్బాలో వేయాలన్న సంగతి మరిచిపోయారు. నా నంబరు మారలేదు, నేను మారలేదు, అద్దం మీద ఒక గీత కూడా పడలేదు. ముక్కు మారింది, అంతే. ఇన్నాళ్ళూ నన్ను తిట్టిన మనిషి ఇప్పుడు ఏ కళ్ళజోడూ లేకుండా కొట్టు మెట్ల మీద నిలబడ్డాడు. ఎదురుగా బస్టాండు రోడ్డు, ఆటోలు, లారీలు. నల్లతాడు నాగరత్నం మెడలో ఉంది. నేను అటూ ఇటూ స్పష్టంగా చూపించాను. ఆవిడ చెయ్యి ఎత్తి మొగుడి వీపు మీద రెండు చరిచింది. ఆయన రోడ్డు మీదికి అడుగు వేశాడు.