మేక వదిలేసిన కాగితం

గోడ మీద సన్నని పగులు కనిపిస్తే చాలు, సత్యమ్మ పొయ్యి మీద మైదాపిండి ఉడకబెడుతుంది. పగులుకు అడ్డంగా పాత క్యాలెండరు కాగితం అతికించి, రోజూ లేవగానే దాని మొహం చూస్తుంది. చిరగలేదంటే గోడ నిలబడినట్టు. చిరిగిందంటే మేస్త్రీకి కబురు. తాండూరులోని ఆమె ఇంట్లో, వంటగది గోడకు రెండు జనవరిలు, ఒక ఆగస్టు ఇప్పటికీ అంటుకొని ఉన్నాయి.

అలాంటి తల్లి కన్న దీక్షిత రైల్వేలో పట్టాలు చూసుకునే పనిలో చేరింది. చేరిన వారానికే కటింగు దగ్గర డ్యూటీ పడిందని చెప్పింది. ఆడపిల్లతో క్షవరాలు చేయిస్తారా అని సత్యమ్మ నొచ్చుకుంది. కటింగంటే గుట్టను నిలువునా చీల్చి నడుమ పట్టాలు వేసిన దారి అనీ, వికారాబాదు వైపున్న ఆ కటింగు నిజాం కాలం నాటిదనీ, వానలకు మొరం జారుతుందేమోనని కనిపెట్టుకొని ఉండాలనీ తెలిశాక ఆమెకు అన్నం సహించలేదు.

స్టేషన్లో కూర్చునే పని అడగమని బతిమాలింది. దీక్షిత నవ్వి ఊరుకుంది. గుట్ట కదులుతోందని చూపిస్తే పైవాళ్లే బిడ్డను అక్కడి నుంచి తీసేస్తారని సత్యమ్మకు తోచింది. మరునాడే ఉడికిన పిండి డబ్బాలో పోసుకొని, మూడు నెలల కాగితాలు చుట్టుకొని వికారాబాదు బండెక్కింది.

పట్టాల మీదికి పోనివ్వరని తెలుసు. అందుకే చేను గట్టు వెంబడి నడిచి కటింగు పైకి చేరింది. అంచున మట్టిని ఆపడానికి కట్టిన పాత రాతిగోడకు మూడు చోట్ల పగుళ్లున్నాయి. రెండింటికి అతికించేసరికి పిండి అయిపోయింది. మూడోదానికి పక్కనున్న తుమ్మచెట్టు బంక గిల్లి, తడిపి అంటించింది.

మూడో రోజు వచ్చి చూస్తే మొదటి రెండు కాగితాలు ముక్కలైపోయి ఉన్నాయి. గుట్టకంటే ముందు సత్యమ్మ గుండె జారింది. కింద పనిలో ఉన్న బిడ్డనూ, గ్యాంగుకు పెద్దయిన మేటు బిచ్చయ్యనూ కేకేసి పిలిచింది. బిచ్చయ్య ఇంజినీరుకు ఫోన్ చేశాడు. గంటలో ఆయన పైకెక్కి వచ్చేసరికి, ఒక మేక గోడ మీద నిలబడి ఫిబ్రవరి ముక్కను తాపీగా నములుతోంది.

బిచ్చయ్య కడుపు పట్టుకొని నవ్వాడు. "అక్కా, గుట్టకేం కాలే. నీ పిండే మస్తుగున్నదట."

దీక్షిత తలెత్తలేదు. పనిలో చేరి నెల కాలేదు, సారు ముందు పరువు పోయింది. పదమ్మా అని తల్లి చెయ్యి పట్టి లాగింది. సత్యమ్మ కదలకుండా మూడో కాగితం వైపు వేలు చూపింది. ఎండి రాయైన బంకను పీకలేక మేక దాన్ని వదిలేసినట్టుంది. రెండు చివరలూ గోడకు గట్టిగా అంటుకొనే ఉన్నాయి. నడుమ మాత్రం, సరిగ్గా అమావాస్య గడి మీదుగా, పై నుంచి కిందికి చిరిగింది.

"మేకైతే అంచుకెల్లి తింటది సారూ. నడిమిట్ల గిట్ల చింపుతదా?"

ఇంజినీరు వంగి చూశాడు. చిరుగులో చిటికెన వేలి గోరు పట్టింది. గోడ వెనక వాననీళ్లు పోయే కాలువ పూడిపోయి, నీళ్లు మట్టిలోకి ఇంకి గోడను నెడుతున్నాయని తేల్చాడు. ఆ సాయంత్రం నుంచే అక్కడ రైళ్లు మెల్లగా నడవాలని ఆదేశం వచ్చింది. మరునాడు కాలువ తవ్వడం మొదలైంది.

కారణం తేలిన రోజే, గోడ దగ్గరే ఇంజినీరు సత్యమ్మను మెచ్చుకున్నాడు. ఇదే అదనని ఆమె, మరి మా బిడ్డ సంగతేందని అడిగింది. పగులును రోజూ కనిపెట్టే కళ్లు కావాలనీ, ఈ తల్లి పెంచిన పిల్లకంటే ఎవరు దొరుకుతారనీ ఆయన అన్నాడు. వానకాలం అయ్యేదాకా దీక్షితకు ఆ గోడ దగ్గరే డ్యూటీ వేశాడు.

తాండూరు బండిలో సత్యమ్మ మొహం కిటికీ వైపు తిప్పుకొని కూర్చుంది. దీక్షితకేమో నవ్వు ఆగలేదు. "ఫికర్ చెయ్యకమ్మా. ఇగ కాగితాలెందుకు, పగులు మీద సన్నటి గాజుపలక అంటిస్తరంట, గోడ కదిలితే అదే పగుల్తదంట."

"గాజా? పగిల్తే చేతికి గుచ్చుకోదా బిడ్డా?"

తెల్లారి సత్యమ్మ బిడ్డ టిఫిను డబ్బా పక్కన తుమ్మబంక సీసా, ఒక క్యాలెండరు ముక్క పెట్టింది. ఈసారి అమావాస్య లేని వైపు చూసి కత్తిరించింది.