ఏడో నంబరు చెట్టు

సౌజన్య నోట ‘అండీ’ అన్న మాట విన్నప్పుడే ఎల్లక్కకు అనుమానం పట్టుకుంది. తెలంగాణ ఉద్యమం రోజుల్లో కొత్తగూడ అడవిలోకి ‘అండీ’ అనే కోస్తావాళ్లు ఊరికే రారని ఆమె నమ్మకం. పైగా ఈ పిల్ల వచ్చింది రాతిపువ్వు కోసమట. మద్ది చెట్ల బెరడు మీద బూడిదరంగులో పాకే ఆ రాతిపువ్వును ఎల్లక్క ఏళ్లుగా గీకి, మసాలాలోకని మరిపెడలో అమ్ముతోంది. పుండ్లకు నూరి కడుతోంది కూడా. దానికోసం యూనివర్సిటీ నుంచి మనిషి వస్తుందంటే నమ్మడానికి ఆమె ఏం అమాయకురాలా?

“పుండ్లలోని క్రిములను ఇది చంపుతుందో లేదో పరీక్షిస్తామండీ,” అంది సౌజన్య. పన్నెండు చెట్ల మీద గీకి, పన్నెండు పొట్లాలు కట్టింది. ఏ పొట్లం ఏ చెట్టుదో తెలియాలని చెట్లకు ఎర్రరంగుతో నంబర్లు వేసింది. ఎల్లక్క అడుగడుగునా ఆమె వెనకే తిరిగింది.

నంబర్లు చూసేసరికి ఎల్లక్కకు పక్కింటి లక్ష్మా గుర్తొచ్చాడు. నాలుగేళ్ల కిందట, అతను అడవి కొట్టి సాగుచేసుకున్న పోడు పక్కన చెట్లకూ ఇలాగే నంబర్లు పడ్డాయి. నెల తిరక్కుండా ఎవరో ఫారెస్టు ఆఫీసరు వచ్చి కందకం తవ్వించాడు, లక్ష్మా పోడు పోయింది. ఈ పన్నెండు చెట్లూ ఎల్లక్క రెండెకరాల పోడు గట్టునే ఉన్నాయి. పిల్ల అటు వెళ్లగానే కొడవలి తీసి పన్నెండు నంబర్లూ చెక్కేసింది.

సకల జనుల సమ్మెతో బస్సులు బంద్ అయిన రోజుల్లో సౌజన్య మళ్లీ వచ్చింది. సగం దూరం ఆటోలో, సగం కాలినడకన. చెప్పుల నిండా బురద, ముఖం నిండా సంతోషం.

“ఏడో నంబరండీ. ఆ ఒక్కదాని రసానికే క్రిములు చచ్చాయి. ఒంట్లో కణాలు తుప్పు పట్టినట్టు పాడవకుండా ఆపే గుణం కూడా దాంట్లోనే ఎక్కువ. ఇంకాస్త కావాలి.”

చెట్ల దగ్గరికి వెళ్లి, చెక్కిన మచ్చలు చూసి నిలబడిపోయింది. ఒక్కో చెట్టునూ తడిమి తడిమి, చివరికి కూలబడింది.

“గిట్లెందుకు జేసినవ్ అవ్వా? మూడేండ్ల పరిశోధన కష్టం. మల్ల యాడికెల్లి మొదలువెట్టాలె?”

ఎల్లక్క ఉలిక్కిపడింది. “ఏ ఊరు బిడ్డా నీది?”

“నర్మెట్ట, మన దిక్కే.”

“మరి గా అండీ ఏంది?”

“విజయవాడ హాస్టల్ల నేను నోరు తెరిస్తె నవ్వేటోల్లు. భయానికి నేర్చుకున్న. ఇప్పుడు పోతలేదు.”

ఎల్లక్కకు సిగ్గేసింది. ఎవరి నవ్వుకో భయపడ్డ పిల్లను తను దొంగను చేసింది. ఏడో చెట్టు ఏదో ఆమెకు తెలుసు. అనుమానంతో వెనకే తిరిగింది కదా, ఏ చెట్టు తర్వాత ఏ చెట్టో అన్నీ గుర్తున్నాయి. అయినా చెప్పేముందు ఒకటి అడిగింది.

“గా చెట్టు దొరికితె నీ ఎనక ఎవరొస్తరు?”

సౌజన్య తలెత్తి ఆమెను చూసింది. “తెల్వదవ్వా. మందుల కంపెనోల్లు రావచ్చు. వాల్లు నన్నడిగి రారు.”

ఎవరూ రారని ఒట్టేసి ఉంటే, అది అబద్ధమని ఎల్లక్క అక్కణ్నుంచే తిప్పి పంపేది. ఇప్పుడు మాత్రం వాగు వైపు ఒరిగిన ఏడో మద్ది దగ్గరికి నడిచింది. ఎప్పటిలాగే సగం చెట్టుకే వదిలి, సగం గీకి పిల్ల చున్నీలో పోసింది.

“రంగెయ్యకు. కాయితంల జాడ రాయకు. కావాల్నంటె నన్నడుగు.”

సౌజన్య సంచీలోంచి రంగు డబ్బా తీసి ఆమె చేతిలో పెట్టింది. ఎల్లక్క తీసుకుంది. అయినా పిల్ల వాగు దాటి కనుమరుగయ్యేదాకా ఆ చెట్టు దగ్గర్నుంచి కదల్లేదు.